పై చేనులో తమ్ముడు

మా తమ్ముడు పోయిన తర్వాత కూడా జనాన్ని పిలుస్తూనే ఉన్నాడు. "రండప్పా, మీరూ ఆడండి, నేను గెలిచినాను" అంటూ, తెల్ల చొక్కా వేసుకుని, వెనక ఎర్ర రోజాల వరసలు పెట్టుకుని, నవ్వుతూ పిలిచేవాడు. ఫోనులో డబ్బులు పెట్టి ఆడే పేకాటకు అది ప్రకటన. ఇప్పుడు అలాంటివి ఎక్కడా రాకుండా ఢిల్లీలో చట్టం చేశారంటున్నారు. మంచిదే. ఆ చట్టం రాకముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది తమిళనాడులో, హోసూరు పక్క జవళగిరి దగ్గర, అడవి అంచున ఉన్న పల్లె. మా పై చేను దాటితే కర్ణాటక. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడి పెరిగినవాళ్ళం. నాకు కోపం వస్తే ఆ మూడూ చాలవని అమ్మ అంటుంది. నేను తళి దారిలో ఉన్న ఒక రోజాతోటలో, ప్లాస్టిక్ కప్పు కింద పూలు పెంచే చోట, కట్టలు కట్టించి డబ్బాల్లో పెట్టించే పని చూస్తాను. తమ్ముడు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో చేసేవాడు. అక్కడే గది తీసుకుని ఉండి, ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు. నాన్న లేడు. మేము ముగ్గురమే.

ఒక ఆదివారం తోటలో ఆర్డరు ఎక్కువై నేను పనికి పోయాను. బెంగళూరు నుంచి కెమెరాలు పట్టుకుని కొందరు వచ్చారు. పెళ్ళికి ముందు ఫోటోలు తీసుకునేవాళ్ళు మా పూల కోసం రావడం మామూలే కాబట్టి నేను తల ఎత్తలేదు. వీళ్ళకు కావలసింది రైతు మొహం. వాళ్ళు వెంట తెచ్చుకున్న కుర్రాడు మరీ తెల్లగా, మరీ నున్నగా ఉన్నాడట. అప్పుడే మా తమ్ముడు నాకు సంగటి కారియరు తెచ్చి ఇచ్చి, పూలమ్మాయిలతో ఏదో వేళాకోళం ఆడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి వాళ్ళు ఆగిపోయారు. చచ్చినోడి కళ్ళు చారెడు అంటారు గానీ, నేను అట్లా చెప్పడం లేదు. బతికి ఉన్నప్పుడు కూడా ఆ నవ్వు చూసి కదిలిపోయే బస్సును ఆపి ఎక్కించుకునేవాళ్ళు.

వాడికి పేకముక్కలు పట్టుకోవడం కూడా రాదు. వాడి ఫోను అద్దం పగిలి సగం అక్షరాలు కనబడేవి కావు. అయినా పూల మధ్య నిలబెట్టి "మొదటి ఆటలోనే గెలిచాను" అనమన్నారు. వీడు "గెలిచినాను" అన్నాడు. దిద్దారు. మళ్ళీ "గెలిచినాను" అన్నాడు. చివరికి ఇదే బాగుంది, ఇదే నిజంగా ఉంది అనుకున్నారు. అంతా అయ్యాక వాడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "చొక్కా నాకే ఇచ్చేసినారక్కా" అన్నాడు. "ఆటలో ఏం గెలిచినావురా?" అని అడిగాను. "చెప్తా ఉండా కదా, చొక్కా" అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాము.

అది తప్పు అని అప్పుడు మా ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. ఎందుకు అనిపించలేదు అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మా పక్క ఉగాది పోయిన మరునాడు వేటమాంసం వండుకుని, మగవాళ్ళు అరుగుల మీద ముక్కలు పరుస్తారు. మా అవ్వ తానే మా చేతుల్లో చిల్లర పెట్టి ఆడుకోమనేది. ఆ రోజు ఎట్లా ఉంటే ఏడాదంతా అట్లా ఉంటుందని. అదే అవ్వ, వారం తిరగకముందే మా మామ చేతిలో ముక్కలు చూసి చీపురు తిరగేసింది. పండక్కి ఆడితే శాస్త్రం, పండగ దాటి ఆడితే జూదం. ఆ గీత మా అవ్వకు కనబడినంత బాగా ఏ చట్టానికీ కనబడదు.

తోటలో నాతో పనిచేసే తమిళ ఆడవాళ్ళది వేరే లెక్క. వాళ్ళల్లో ఒక పెద్దావిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు హోసూరు బస్టాండులో ఎవరో మైకు పెట్టి లాటరీ టిక్కెట్లు అమ్మేవాళ్ళట. ఆవిడ నాయన కూలి డబ్బులు ఇంటికి రాకుండా ఆ మైకు దగ్గరే ఆగిపోయేవట. ఆట అనే మాట వింటే చాలు, ఆవిడ చెవులు మూసుకుంటుంది. లాటరీని ఎత్తేసిన రాష్ట్రం ఫోను పేకాటనూ రానివ్వనంటే ఆవిడకు సంతోషమే. గట్టుకు అవతల, కన్నడ పక్క ఉన్న మా మేనమామను అడిగితే, "క్రికెట్ ఆడేవాళ్ళే టీవీలో చెప్తా ఉండారు గదా, తప్పయితే ఊరుకుంటారా" అంటాడు. మేనల్లుడు ఫోనుల్లో కనబడుతున్నాడని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. ఒకే ప్రకటన గట్టుకు అటు గొప్ప, ఇటు నేరం. మధ్యలో మా చేను.

ఆ ఏడు వానలు తగ్గుతుండగా తమ్ముడికి జ్వరం వచ్చింది. హోసూరులో ఆస్పత్రిలో చేర్చాము. ఇంటికి తిరిగి రాలేదు. ఇంతకంటే రాయలేను.

వాడిని పూడ్చిపెట్టిన మన్ను ఆరకముందే ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. ఆటలో పోగొట్టుకుని ఏదో తాగేశాడట అన్నారు. జ్వరమని మేము కప్పిపెడుతున్నామట. "నిప్పు లేనిదే పొగ వస్తుందా" అని ఒకామె నా మొహం మీదే అంది. నేను ఆమెను వీధిలోకి లాగి అడిగాను. పోట్లాడాను. ఇప్పటికీ ఆమెతో మాట్లాడను, మాట్లాడే ఉద్దేశం కూడా లేదు. అమ్మ మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. తిండి తినడం తగ్గించింది, అంతే.

అమ్మకు భజనలు వినడానికని నేను ఒక ఫోను కొనిచ్చాను. చిక్కుళ్ళు కోసేటప్పుడు కొంగున ముడివేసుకుని వింటూ ఉండేది. ఒక సాయంత్రం పై చేను నుంచి చెప్పులు కూడా లేకుండా వచ్చింది.

"వాడు ఆడ ఉండాడే" అంది.

"ఎవరమ్మా?"

"నా బిడ్డ. నాతో మాట్లాడినాడు."

అమ్మకు మతి తప్పిందనుకున్నాను. ఆమె నా రెక్క పట్టుకుని చేను ఎక్కించింది. చివరి గట్టు దగ్గరికి పోగానే ఫోను ఒకసారి మోగి, కర్ణాటకకు స్వాగతం అని చూపించింది. అక్కడ మన టవరు అందదు, అవతలి టవరే అందుతుంది. అమ్మ భజన పెట్టింది. పల్లవి అయ్యీ కాకముందే పాట ఆగిపోయి, తెల్ల చొక్కాలో వాడు వచ్చాడు. "రండప్పా, మీరూ ఆడండి" అన్నాడు. నేను చిక్కుడు పాదుల మధ్యే కూలబడిపోయాను.

విషయం నాకు తర్వాత అర్థమైంది. ఇటు నిషేధం కాబట్టి ఇటు పక్క ఫోనులకు ఆ ప్రకటన రాదు. అటు పక్క వస్తుంది. మా పై చేను గట్టు మీద నిలబడితే ఫోను మమ్మల్ని అటు మనుషులనుకుంటుంది. అమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె విన్నది. "అయితే వాడు ఆ పక్కనే ఉంటాడు" అంది. మర్నాటి నుంచి రోజూ పొద్దు వాలేటప్పుడు పై చేనుకు పోవడం మొదలుపెట్టింది.

అది ఏనుగులు అడవి నుంచి దిగే వేళ. ఆ వేళకు మా ఊళ్ళో మగవాళ్ళు కూడా పై చేలకు పోరు. నేను తిట్టాను, బతిమాలాను, ఫోను దాచాను. దాచిన రోజు ఆమె అన్నం ముట్టలేదు. వెంట పోయి చూస్తే గట్టు మీద కూర్చుని వాడితో మాట్లాడుతూ ఉండేది. "చిక్కుళ్ళకు రేటు లేదు నాయనా. అక్క నిన్న కూడా అరిచింది." వాడు గెలిచినాను అంటాడు. ఈమె "ఊఁ" అంటుంది. వాడి బొమ్మ కింద ఎర్రగా ఒక బొత్తాం ఉండేది. అది నొక్కితే ఆట తెరుచుకుంటుంది. అమ్మ వేలు ఒక్కనాడూ దాని దగ్గరికి పోలేదు.

నన్ను మాత్రం వాడు వెంటాడాడు. తోటలో వాడు నిలబడిన వరసకు పోలేకపోయేదాన్ని. ఆ వరస పని వేరేవాళ్ళకు అప్పగించేదాన్ని. ఒకసారి తోట పని మీద బెంగళూరు బస్సులో పోతున్నాను. కర్ణాటక మొదలయ్యే అత్తిబెలె దాటగానే నా వెనక సీటులో ఎవరి ఫోనులోనో మా తమ్ముడి గొంతు వినిపించింది. "రండప్పా." నేను వెనక్కి తిరగలేదు. ఫోను పట్టుకున్న మనిషి మొహం చూడటానికి నాకు ధైర్యం లేకపోయింది. ఆ గొంతు విని ఆ మనిషి ఏ బొత్తాం నొక్కుతున్నాడో, అతని ఇంట్లో ఎవరెవరు ఉన్నారో అని దిగేదాకా అదే ఆలోచన.

ఆ కంపెనీవాళ్ళకు రాసి ప్రకటన తీసేయించాలని నిశ్చయించుకున్నాను. చచ్చిపోయిన మనిషిని చూపించి వ్యాపారం చేస్తారా అని గట్టిగా అడుగుదామనుకున్నాను. ఆ మాట అమ్మ చెవిన పడింది. నా ముందు నిలబడి రెండు చేతులూ జోడించింది.

"వాడు ఈడే ఉండనీవే. ఇంకోసారి చంపొద్దు" అంది.

నేను రాయలేదు.

అట్లా కొన్ని నెలలు గడిచాక, ఒక ఆదివారం పొద్దున మా వాకిట్లోకి ఒక చిన్నావిడ వచ్చింది. కట్టూ బొట్టూ చూస్తే ఈ పక్క మనిషి కాదు. మాట చూస్తే గోదావరి వైపు. మొగుడికి బెంగళూరు దారిలో, కర్ణాటక పక్క బొమ్మసంద్రలో ఉద్యోగమట, అద్దెలు తక్కువని హోసూరులో ఇల్లు తీసుకున్నారట. ఆమె చేతిలోని ఫోనులో మా తమ్ముడి బొమ్మ ఉంది. వెనక రోజాలు చూసి, తళి పక్క తోటలని ఎవరో చెబితే, తోట తోటకూ తిరిగి అడుగుతూ మా ఇల్లు పట్టుకుంది.

"ఈయన మీ అబ్బాయేనా అండీ?" అని అమ్మను అడిగింది.

"మా బిడ్డేనమ్మా" అంది అమ్మ, చిక్కుళ్ళ గంప పక్కకు జరిపి.

ఆమె ఒక్కసారిగా అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. "ఒక్కసారి మా ఇంటికి పంపించండి, మీకు పుణ్యముంటుంది. మా ఆయన కంపెనీ బస్సు ఎక్కి అత్తిబెలె దాటాడంటే చాలు, ఆటే. మొదలెట్టే ముందు మీ అబ్బాయి వీడియో చూసుకుంటాడండీ, దేవుడి పటం చూసుకున్నట్టు. ఈ మొహం కలిసొస్తుందంట. ఇంట్లో ఒక్కొక్కటీ పోతున్నాయి. మా ఊళ్ళో కోడిపందేలకి పోనివాణ్ణి చేతకానివాడంటారు, అందుకని మా అత్తగారికి చెప్పినా నవ్వేస్తారు. మీ అబ్బాయి వచ్చి, నేను గెలవలేదు అని ఒక్క మాట చెబితే వింటాడు. ఇంకెవరి మాటా వినడు."

వాడు పోయాడని దారిలో ఎవరూ ఆమెకు చెప్పినట్టు లేదు. నేను తిట్టడానికి నోరు తెరిచాను. మా ఇంటి చావు మీదికి ఈమె ఒకతె వచ్చిందే అనిపించింది, గోరుచుట్టు మీద రోకటిపోటు. కానీ అమ్మ నన్ను చూసి తల ఆడించింది. లోపలికి పోయి, గోడకున్న పటాన్ని పూలదండతో సహా దించి తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఆ పిల్ల పటాన్ని చూసింది, ఫోనును చూసింది, మళ్ళీ పటాన్ని చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అమ్మ ఆమె తల నిమిరింది. తర్వాత, "వాడు రాలేడు. నేను వస్తాను పద" అని లేచింది. కొత్త చీర కట్టుకుని, కొంగు తలకు కప్పుకుంది. పటాన్ని తువ్వాలులో చుట్టుకుంది. నన్ను రమ్మని కూడా అనలేదు, నేనే వెంట పడ్డాను.

వాళ్ళది హోసూరులో మేడ మీద చిన్న ఇల్లు. ఆమె మొగుడు మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీలు వేశాడు. అమ్మ తువ్వాలు విప్పి పటం చూపించింది. అతని మొహం పాలిపోయింది గానీ, కాసేపటికి తేరుకున్నాడు.

"ఏమనుకోకండి పెద్దమ్మగారూ. మా ఆవిడ మిమ్మల్ని తీసుకొచ్చి ఇదంతా చెప్పిస్తోందని నాకు తెలుసు. ఫోటోకి దండ ఎవరైనా వేస్తారు. ఈయన నిన్న కూడా ఫోనులో వచ్చాడు. పోయినవాణ్ణి పెట్టి ఎవడైనా ప్రకటన వేస్తాడా?"

అమ్మ ఎదురుగా కూర్చుని, ఆమె బిడ్డ పోలేదని ఒకడు అంటున్నాడు. నాకు కోపం నషాళానికి అంటింది. అయినా ఏమని తిట్టేది? అతను చెప్పేది నిజమైతే బాగుండునని నాకూ ఉంది.

"ఆ వీడియో పెట్టు నాయనా" అంది అమ్మ.

అతను దాన్ని ఫోనులోనే దాచుకున్నాడు. పెట్టాడు. తమ్ముడు వచ్చాడు, పిలిచాడు, నవ్వాడు. అమ్మ ఆఖరిదాకా చూసింది.

"మళ్ళీ పెట్టు. గెలిచినాను అనేటప్పుడు ఆపు."

ఆపాడు. అమ్మ వేలు చాచి చూపించింది. తమ్ముడి ఎడమ చెయ్యి పైకి లేచి, చెవి తమ్మెను పట్టుకుని ఉంది. సిగ్గుపడుతున్నాడనిపించేలా ఉంది. నేను ఎన్నిసార్లు చూశానో, ఆ చేతిని ఒక్కసారీ చూడలేదు.

"వీడు అబద్ధం చెప్పేటప్పుడు చెవి పట్టుకుంటాడప్పా. చిన్నప్పటి నుంచీ అంతే. బెల్లం తిని తినలేదన్నప్పుడు పట్టుకున్నాడు. బడి ఎగ్గొట్టి పోయినానన్నప్పుడు పట్టుకున్నాడు. హోసూరులో బాగా తింటా ఉండానమ్మా అని ప్రతి ఆదివారం చెప్పినాడు, చెవి వదల్లేదు. మొదటి రోజే తెలుసు నాకు, నా బిడ్డ ఏమీ గెలవలేదని. పటంలో ఉండేవాడు ఎవరో పెద్దమనిషి. బిగుసుకుని నిలబడినాడు. ఇందులో వాడు నాకు అబద్ధం చెప్తాడు. అది చూసుకునేదానికే పోతా ఉండాను చేనుకి."

అతను తమ్ముడి చేతినే చూస్తూ ఉండిపోయాడు. మళ్ళీ పెట్టి చూశాడు, ఆ మాట దగ్గరికి రాగానే చెయ్యి లేచింది. ఇంకోసారి పెట్టాడు. అతని భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చివరికి అతను, "తీసేస్తానండీ" అన్నాడు, చాలా నెమ్మదిగా.

"ఉండప్పా. ఇంకొకసారి చూసుకుంటాను."

ఫోను అమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, శబ్దం లేకుండా పెదవులు కదుపుతూ చూసింది. అయిపోయాక అద్దాన్ని కొంగుతో తుడిచి ఇచ్చేసింది. "ఇంక తీసెయ్" అంది. అతను మా ముందే తీసేశాడు. ఆట మానేశాడో లేదో నాకు తెలియదు. అడగడానికి మళ్ళీ పోలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అమ్మ పటాన్ని ఒళ్ళో పెట్టుకుంది. తళి రోడ్డు ఎక్కాక, "రేపు ఆ కంపెనీవాళ్ళకు రాయి. వాడిని తీసేయమను" అంది. రాస్తానన్నాను. నాకు ఏడుపు ఆగలేదు, దాచుకోలేదు కూడా.

"చెవి సంగతి నాకెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"చెప్తే నువ్వు వాడిని ప్రతిదానికీ పట్టేసుకుంటావు. పాపం, వాడు యాడికి పోవాల?" అంది.

కొంతదూరం పోయాక తనే మళ్ళీ మొదలుపెట్టింది. "ఆస్పత్రిలో నువ్వు మందులకని కిందికి పోయినావు చూడు, అప్పుడు చెప్పినాడు. జ్వరం తగ్గిపోయిందిమా, రేపు ఇంటికి వచ్చేస్తాను, సంగటి చేసిపెట్టు అన్నాడు. సూది గుచ్చిన చెయ్యి, పైకి లేవలేదు. మెల్లిగా ఎత్తి, చెవి పట్టుకున్నాడు."

"నువ్వేమన్నావు?"

"సరే నాయనా, చేసిపెడతాను రా, అన్నాను" అంది అమ్మ. "నేనూ అబద్ధమే చెప్పినాను."